పవిత్రత పుస్తకమూ, దీనమ్మగారి కొత్త చాపా

వయసొచ్చిన ఆడపిల్లలకు పవిత్రత గురించి పుస్తకాలు తయారుచేయడం నా ఉద్యోగం. ఈ మాట చెప్పగానే కొందరు నవ్వు ఆపుకుంటారు, కొందరు చీర కొంగు సర్దుకుంటారు. రెండూ అక్కర్లేదు. నేను బొబ్బిలి దగ్గర పుట్టాను, గట్టిగా మాట్లాడతాను, గట్టిగా నవ్వుతాను. మిషన్ వాళ్ళ పుస్తకాల ఆఫీసులో కుర్రదానిగా చేరి తల నెరిసేదాకా ఆ పనే చేశాను.

ఈ మధ్య ఆ ఆఫీసులోనే కొత్తగా చేరిన ఒకమ్మాయి మా ఇంటికొచ్చింది. "ఆంటీ, టీనేజ్ అమ్మాయిలకి ఒక పుస్తకం రాయమన్నారు. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియడం లేదు" అంది. పాపం, చేతిలో ఇంగ్లీషు పుస్తకాల మోపు. వాటిని పక్కన పెట్టించి కాఫీ ఇచ్చి పంపేశాను. నోటితో చెబితే కోపమొచ్చో కన్నీళ్ళొచ్చో మధ్యలో ఆగిపోతానని, ఇలా రాసి ఇస్తున్నాను.

మిస్సమ్మ పద్ధతి

నాకు పని నేర్పింది ఒక దొరసాని. అందరూ మిస్సమ్మ అనేవారు. ఆవిడ తెలుగు ఎవరో పండితుడి దగ్గర, అదీ పాత కావ్యాల్లోంచి నేర్చుకుంది. కొట్లో ఉప్పు అడిగినా హరికథ చెప్పినట్టుండేది. కొట్టువాడు దండం పెట్టి మరీ పొట్లం కట్టేవాడు.

అరవయ్యో దశకం చివరి రోజులవి. ఆవిడ దేశం నుంచి ఒక ఇంగ్లీషు పుస్తకం వచ్చింది. కన్నెపిల్లలు మనసునూ దేహాన్నీ ఎలా శుద్ధంగా ఉంచుకోవాలో చెప్పే పుస్తకం. దాన్ని నేను తెలుగు చేశాను. బాగా చేశాననే అనుకున్నాను. మిస్సమ్మ ఆ కాగితాలు చదివి, "సుగుణా, ఇది అచ్చునకు పోవుటకు ముందు బాలికల చెవులకు పోవలెను" అంది.

ఆవిడ పద్ధతి ఏమిటంటే, ఏ పుస్తకమైనా అచ్చుకు ముందు హాస్టల్ పిల్లల మధ్య కూర్చుని బిగ్గరగా చదవాలి. వాళ్ళు నవ్విన చోట అంచున ఒక గీత పెట్టాలి. బిగుసుకుపోయిన చోట రెండు గీతలు పెట్టాలి. అంతే. వాళ్ళ అభిప్రాయం మాత్రం అడగకూడదు. "అడిగినచో వారు మనకు నచ్చు మాటనే చెప్పెదరు. నవ్వు అబద్ధమాడదు" అనేది. ఇన్నేళ్ళ తర్వాత కూడా ఇంతకంటే మంచి పద్ధతి నాకు దొరకలేదు. ఇప్పుడు సర్వేలంటారు, ఫీడ్‌బ్యాక్ అంటారు. నా మాట విని ముందు చదివి వినిపించండి.

కారూ, కుండా

కోటబొమ్మాళి రైల్వే స్టేషన్‌కి కాస్త ఎడంగా అప్పట్లో ఒక ఆడపిల్లల హాస్టల్ ఉండేది. ఇప్పుడు లేదు, పేరు చెప్పను. చుట్టుపక్కల వరి పండించే రైతుల పిల్లలు, సముద్రం మీద బతికేవాళ్ళ పిల్లలు, కొద్దిమంది క్రైస్తవుల పిల్లలు అందులో ఉండి హైస్కూల్లో చదువుకునేవారు. ఎక్కువమంది హిందువులే. పొద్దున ప్రార్థన చేసేవారు, సెలవులకి ఇంటికెళ్ళి అమ్మవారికి మొక్కేవారు. ఈ రెండింటికీ తగువుందని పెద్దవాళ్ళకి అనిపించేదేమో గానీ పిల్లలకి ఎప్పుడూ అనిపించలేదు.

వసారాలో వాళ్ళని కూర్చోబెట్టి చదవడం మొదలుపెట్టాను. మొదటి అధ్యాయంలోనే, "పరాయి యువకుడితో కారులో ఒంటరిగా కూర్చోవద్దు" అని వచ్చింది.

చిట్టెమ్మ అని ఒక రైతుబిడ్డ, నోరుగల పిల్ల, చెయ్యెత్తింది. "అక్కా, కారు మా ఊరికి ఓట్లప్పుడే వస్తాది. అందులో అందరూ ముసిలోల్లే. మరి నాటుబండి అయితే పర్నేదా?"

వసారా అంతా గొల్లుమంది. ఒక గీత పెట్టాను.

తర్వాత, "శీలం కోల్పోయిన కన్య పగిలిన కుండ వంటిది, ఎందుకూ కొరగాదు" అన్న వాక్యం. ఇక్కడ ఏడుస్తారనుకున్నాను. మళ్ళీ నవ్వారు! పగిలిన కుండ అడుగుని వీళ్ళ ఇళ్ళలో పారేయరు, పొయ్యి మీద పెట్టి పేలాలు వేయిస్తారు. ఆ సంగతి బొబ్బిలిదాన్ని నాకు తెలియకనా? మా అమ్మా వేయించేది. తెలిసీ ఇంగ్లీషు వాక్యాన్ని గుడ్డిగా దించేశాను. ఆ సాయంత్రమే కుండని కొట్టేశాను.

నవ్వులు సులువు. రెండు గీతల చోట్లే కష్టం. "ఎవరైనా నీ చెయ్యి పట్టుకుంటే, అందుకు నీ నడవడిలో కారణమేమిటో పరీక్షించుకో" అని చదివినప్పుడు ఒక్క గాజు చప్పుడు కూడా వినపడలేదు. అందరూ నేలకేసి చూస్తున్నారు. అంతమంది పిల్లల్లో ఆ మాట తగలని పిల్ల ఒక్కతీ లేదా అని నాకు భయమేసింది. ఇలాంటి పుస్తకాల గురించి నా తీర్పు ఇది, మొహమాటం లేకుండా చెబుతున్నాను: చాలా వాటిలో తప్పు చేసేది మగవాడు, పరీక్ష రాసేది ఆడపిల్ల. ఆ వాక్యాన్నీ కొట్టేశాను. మిస్సమ్మ చూసి, తన కలం తీసి దాని మీదే ఇంకో గీత అడ్డంగా గట్టిగా గీసింది.

నూకాలు

భావనపాడు నుంచి వచ్చిన నూకాలు ఎస్సెల్సీ చదువుతోంది. వాళ్ళ వాడలో ఆడపిల్ల అంతదాకా రావడం అదే మొదలు. నాన్న సముద్రం మీద వేటకెళ్తాడు, అమ్మ చేపల గంప నెత్తిన పెట్టుకుని ఊళ్ళు తిరుగుతుంది. నూకాలుకి మేనమామ సిద్ధంగా ఉన్నాడు. ఆమెను చదివిస్తామని ఇంట్లో ఒప్పుకోవడమే ఒక షరతు మీద. వాళ్ళమ్మ ఆ షరతుని హాస్టల్ గుమ్మంలో అందరి ముందూ చెప్పి వెళ్ళిందట: "ఒసే, నీ మీద ఒక్క మాట వచ్చినాదంటే బడీ నేదు గిడీ నేదు, మీ మావ కాడికే. ఇనపడినాదా?"

నేను వెళ్ళిన వారంలోనే మాట వచ్చింది.

నూకాలు ఇంటినుంచి తిరిగొస్తూ, బస్సు దిగాక, ఎవరో యువకుడి సైకిలు వెనక కూర్చుని హాస్టల్ మలుపు దాకా వచ్చింది. హాస్టల్ కమిటీ పెద్దమనిషి ఒకాయన చూశాడు. అడిగితే, "కాలు బెనికినాది బాబూ, ఎక్కించుకున్నాడు" అంది. ఎవరతను అంటే నోరు విప్పలేదు. శనివారం కమిటీ కూర్చుని తేలుస్తుందనీ, అంతవరకూ ఈ పిల్ల మిగతా పిల్లలతో కలవకూడదు, బడికి వెళ్ళకూడదు, భోజనం విడిగా అనీ ఉత్తర్వు వేశారు. ఎస్సెల్సీ పరీక్షలు దగ్గర పడుతున్నాయి. పంపించేశారంటే ఆ పిల్ల చదువు అంతటితో సరి.

ఉత్తర్వు అమలు చేయాల్సింది హాస్టల్ వార్డెన్ దీనమ్మగారు. పేరుకే దీనమ్మ, మనిషి పులి. నడుముకి ఇనప తాళాల గుత్తి ఒకటి వేలాడుతుండేది, ప్రార్థనలో మోకరించినా దాన్ని తీసేది కాదు. పెట్టెల్లో తాయెత్తులు కనపడితే పొయ్యిలో వేసేది. దిష్టి అన్నా, గాలి అన్నా చెంప పగిలేది. ఆవిడా రైతుల ఇంటి పిల్లే, చిన్నప్పుడు కుటుంబమంతా క్రైస్తవం పుచ్చుకున్నారు. అప్పటినుంచీ ఊరి యాసని కూడా మూటగట్టి అవతల పారేసి, బైబిల్ తెలుగు మాట్లాడేది.

పక్కబట్టలు మిగతా పిల్లలవాటితో కలిసిపోతాయని, దీనమ్మగారు కొట్టుగదిలోంచి ఒక కొత్త తాటాకు చాప తీయించి, వసారా తూర్పు కొసన పరిపించింది. "నీవు ఇచ్చటనే ఉండవలెను" అని నూకాలుని దాని మీద కూర్చోబెట్టి వెళ్ళిపోయింది.

ఆవిడ ఏం చేసిందో ఆవిడకి ఆ నిమిషంలో తట్టలేదు. నాకూ తట్టలేదు.

చాప

మా వైపు ఆడపిల్ల పెద్దమనిషైతే కొత్త తాటాకు చాప వేసి, ఇంట్లో ఒక మూల విడిగా కూర్చోబెడతారు. విడిగా అంటే ఒంటరిగా కాదు. ఆ రోజుల్లో ఆ పిల్ల పక్కన ఎప్పుడూ ఒక తోడు ఉండి తీరాలి. గాలీ దిష్టీ సోకకుండా తల దగ్గర ఏదో ఒక ఇనప వస్తువు పెడతారు. నువ్వులూ బెల్లమూ దంచి చేసిన చిమ్మిలి తినిపిస్తారు. నీళ్ళు పోసేరోజు, చాప వేసిన పెద్దామే చెయ్యిచ్చి లేపుతుంది.

ఆ సాయంత్రం నేను చదవాల్సిన అధ్యాయం పేరు "చెడు సహవాసం". దారి తప్పిన స్నేహితురాలికి దూరంగా ఉండు, ఆమె మరక నీకు అంటుతుంది అని దాని సారాంశం. ఇంతకంటే సమయానికి తగిన అధ్యాయం ఉండదని కమిటీ పెద్దమనిషి ప్రత్యేకంగా కబురు పెట్టాడు. సరేనని కాగితాలు పట్టుకుని కూర్చున్నాను. పిల్లలు వచ్చారు. నేను గొంతు సవరించుకుని మొదటి పేరా చదివాను.

చిట్టెమ్మ లేచింది. నీళ్ళకేమో అనుకున్నాను. తిన్నగా తూర్పు కొసకి నడిచి, చాప మీద నూకాలు పక్కన కూర్చుంది.

"ఎక్కడికే?" అన్నాను.

"కొత్త సాప మీద గుంటని ఒక్కర్తినీ ఒగ్గీకూడదు కదక్కా" అంది. పిల్లని ఒంటరిగా వదలకూడదన్న ఆ మాటని, పొద్దున్నే ఎండ వస్తుంది కదా అన్నట్టు అంది.

తర్వాత ఇంకో పిల్ల లేచింది. దాని వెనకే ఇద్దరు. చాప నిండిపోయింది. మిగతావాళ్ళు తమ చాపలు తెచ్చి దాని అంచుకి ఆనించి వేశారు. ఒక పిల్ల పెట్టె తెరిచి ఇంటినుంచి తెచ్చుకున్న చిమ్మిలి డబ్బా పట్టుకొచ్చింది. రైతుల పిల్లలు చేపలోళ్ళ పిల్ల నోట్లో తమ చేత్తో తినిపించారు. ఇంట్లో చేస్తే వీపు విమానం మోతే! ఊళ్ళో పాడే పాటలు పాడితే దీనమ్మగారు తంతుందని, ఎవరో ఒక కీర్తన ఎత్తుకున్నారు. కీర్తనే, కానీ వరస మాత్రం పెళ్ళిపాటలా సాగదీశారు.

నూకాలు అప్పటిదాకా మోకాళ్ళలో తల పెట్టుకుని ఉంది. తల ఎత్తి, నోట్లో బెల్లంతోనే బావురుమంది. "ఏడవకే, సాప మీద ఏడవకూడదు" అని చిట్టెమ్మ కసిరింది. కసురుతూ అదీ ఏడ్చింది.

నా ఎదురుగా వసారా ఖాళీ. అధ్యాయం వినడానికి ఒక్క పిల్ల లేదు. నవ్విన చోట ఒక గీత, బిగుసుకున్న చోట రెండు, మరి అందరూ లేచిపోతే ఎన్ని గీతలు పెట్టాలో మిస్సమ్మ నాకు నేర్పలేదు. ఆ పిల్లల్లో ఒక్కరు కూడా సైకిలు మనిషి ఎవరని నూకాలుని అడగలేదు. తప్పు చేసిందా లేదా అని తేల్చుకోలేదు. పిల్ల చాప మీదుంది, ఒక్కతే ఉంది, అంతే. నేను పుట్టిననాటినుంచీ ఆదివారం ఆదివారం విన్న ప్రసంగాలన్నీ ఒక పక్కా, ఆ చాప ఒక పక్కా అనిపించింది నాకు. దేవుడు అనే మాట నేను పుస్తకాల్లో ఎన్నోసార్లు రాశాను. చూసినట్టు అనిపించింది మాత్రం ఆ పూటే.

పాట వినపడి దీనమ్మగారు విసవిసా వచ్చింది. తాళాల గుత్తి గలగలమంటోంది. "ఏమిది? ఎవరు మిమ్మును ఇచ్చట కూర్చుండమనిరి? లేవండి!"

ఎవరూ లేవలేదు. చిట్టెమ్మే మళ్ళీ నోరు తెరిచింది. భయంతో గొంతు పీలగా వచ్చింది. "అమ్మగారూ, సాప మీరే ఏసినారు కదా. ఏసినోలే లేపాల. మీరు లేపినదాకా మేం తోడుంతాం."

దీనమ్మగారు చాపని చూసింది. కొత్త తాటాకు. తూర్పు కొస. నూకాలు నోటి చుట్టూ అంటుకున్న నువ్వులు. ఆవిడ ముఖంలో పులి ఎటు పోయిందో పోయింది. తర్వాత నడుము దగ్గరి ముడి విప్పి, తాళాల గుత్తి తీసి, వంగి, చాప మీద ఆ పిల్ల తల పెట్టుకునే చోట పెట్టింది.

ఇనుము.

వెనక్కి తిరిగి వెళ్ళిపోయింది. చప్పుడు లేకుండా ఆవిడ నడవడం నేను చూడటం అదే మొదటిసారి.

శనివారం

కమిటీలో మిస్సమ్మ ఉంది, పాస్టరుగారు, సైకిలు చూసిన పెద్దమనిషి, ఇంకెవరో ఉన్నారు. నేను పుస్తకం సంగతి చెప్పడానికని ఒక మూల కూర్చున్నాను. పెద్దమనిషి చాలాసేపు మాట్లాడాడు. ఒక కుళ్ళిన పండు బుట్టంతా కుళ్ళబెడుతుందన్నాడు. పిల్లని ఇంటికి పంపేయాలన్నాడు. పాస్టరుగారు తల దించుకుని, "వార్డెనుగారి మాట కూడా వినాలి" అన్నారు.

దీనమ్మగారు లేచి నిలబడింది. నడుముకి తాళాలు లేవు. "పెద్దలారా..." అని మొదలుపెట్టి ఆగిపోయింది. ఆ తర్వాత వచ్చిన గొంతు మేమెవరమూ ఎప్పుడూ వినలేదు.

"ఆ గుంటకి సాప ఏసినాను నాను. కోపంలో ఏసినానో ఏటో, ఏసినాను. మాయమ్మ నాకు ఏసినట్టే ఏసినాను. సాప మీదున్న పిల్లని ఈదిలోకి గెంటీడం మా ఇంటా వంటా నేదు బాబూ. పరీచ్చలు రాసినదాకా అది నా గదిలో తొంగుంతాది. ఏ మాటొచ్చినా నా మీదికి రానీండి. పంపీయాలంటే ఇద్దర్నీ పంపీండి."

పెద్దమనిషి, "రేపు వాళ్ళమ్మ వచ్చి అడిగితే?" అన్నాడు.

"అడగనీండి. పిల్లని సాప మీద కూకోబెట్టినాం, ఒక్కర్తినీ ఒగ్గీనేదు అంతాను. ఆ తల్లికి అర్దమవుద్ది."

మిస్సమ్మ కళ్ళద్దాలు తీసి తుడుచుకుంది. "నేను ఈ దేశమున ఇన్ని సంవత్సరములు బోధించితిని" అంది. అద్దాలు తిరిగి పెట్టుకుని, "నేడు వింటిని" అంది.

దీనమ్మగారు అక్కణ్ణుంచి నేరుగా వసారాకి వెళ్ళింది. పిల్లలు ఇంకా వంతులవారీగా తోడు కూర్చునే ఉన్నారు. ఆవిడ నూకాలుకి చెయ్యి అందించి, "లెగవే. నీల్లోసుకో. బేగి. లెక్కల పుస్తకం తీ" అంది. పిల్లలు అరిచిన అరుపుకి స్టేషన్లో రైలు ఆగిపోయి ఉంటుంది.

అచ్చయిన పుస్తకం

మేం వేసిన పుస్తకంలో "చెడు సహవాసం" అధ్యాయం లేదు. దాని చోట ఒక పేజీ ఉంది. నీ స్నేహితురాలి మీద మాట వచ్చినప్పుడు ముందు వెళ్ళి పక్కన కూర్చో, నిజానిజాలు తర్వాత అని ఉంటుంది అందులో. మిస్సమ్మ దేశం నుంచి పెద్దలు ఉత్తరం రాశారు, మూలంలో లేనిది ఎందుకు చేర్చారని. "మూలములో ఉండవలసినది" అని ఆవిడ జవాబు రాయించింది.

అమ్మాయీ, నువ్వు రాయబోయే పుస్తకంలో ఫోన్లుంటాయి, ఫోటోలుంటాయి, నాకు తెలియని గోల చాలా ఉంటుంది. రాయి. హద్దులు చెప్పు, జాగ్రత్తలు చెప్పు, అవీ కావాలి. నేనేమీ పవిత్రతకి వ్యతిరేకిని కాను, ఆ మాట మీదే బతికాను. కానీ దాన్ని ఒక్క పిల్ల ఒంటరిగా మోసే బరువులా మాత్రం రాయకు. రాశాక నలుగురు పిల్లల మధ్య కూర్చుని బిగ్గరగా చదువు.

నూకాలు పరీక్ష పాసైంది, టీచర్ ట్రైనింగ్ చేసింది. మేనమామని కాక వేరే ఎవర్నో చేసుకుంది. ఇద్దరం రిటైరయ్యాక ఒక మధ్యాహ్నం మా ఇంటికి వచ్చింది. చేతిలో చిమ్మిలి డబ్బా. ఆ మాటా ఈ మాటా అయ్యాక తనే అంది:

"అక్కా, ఆ నాడు సైకిలు మీద మనిసి ఎవుడని ఒక్క గుంట అడగనేదు. తెలుసునా?"

"తెలుసు. నేను అక్కడే ఉన్నానుగా."

"ఒక్కర్తి అడిగినా, నానే మూట కట్టుకుని ఎల్లిపోదును."

నా నాలుక చివరిదాకా వచ్చింది, ఇంతకీ ఎవరే అతను అని. ఇన్నేళ్ళయింది, ఇప్పుడు అడిగితే నవ్వుకుంటూ చెప్పేస్తుందేమో కూడా. డబ్బా మూత తీసి, ఒక ఉండ ఆమె నోట్లో పెట్టి, జరిగి పక్కన కూర్చున్నాను.